గొడ్డలి ఆగుతుంది, మిషను ఆగదు

మా ఏజెన్సీలో గొడ్డలి లేని ఇల్లు ఉండదు. పొయ్యిలోకి కట్టె కావాలన్నా, ఇంటికి దూలం కావాలన్నా, నాగలికి కర్ర కావాలన్నా అదే. నేను నేర్చుకున్న మొదటి పనిముట్టు కూడా గొడ్డలే. నేర్పింది మా తాత. నేర్పడం అంటే కూర్చోబెట్టి పాఠం చెప్పడం కాదు. చెట్టు దగ్గరకు వెళ్లగానే ఆయన గొడ్డలి కింద పెట్టేవాడు. చెట్టు చుట్టూ ఒకసారి తిరిగేవాడు. తల పైకెత్తి కొమ్మలు చూసేవాడు. మొదలు మీద గొడ్డలి వెనకవైపుతో తట్టి చప్పుడు వినేవాడు. చప్పుడు గట్టిగా వస్తే లోపల చేవ ఉన్నట్టు, బోలుగా వస్తే తొర్ర ఉన్నట్టు. తర్వాత కాళ్ల దగ్గర తుప్పలు నరికి, చెట్టు కదిలినప్పుడు తాను ఎటు తప్పుకోవాలో ఆ దారి శుభ్రం చేసుకునేవాడు. ఇదంతా అయ్యాక చెట్టుకి ఒక దణ్ణం పెట్టి మొదటి దెబ్బ వేసేవాడు.

అప్పుడు నాకు అది ఆలస్యం అనిపించేది. చెట్టు కొట్టే పని దెబ్బతోనే మొదలవుతుందని అనుకునే వయసు నాది. ఆయనకు మాత్రం దెబ్బ వేసేసరికి సగం పని అయిపోయినట్టే లెక్క.

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ సగం పని. ఇప్పుడు మన పిల్లల చేతుల్లోకి పెట్రోలు రంపాలు వచ్చాయి. చైన్ సా అంటారు, కోత మిషను అంటారు, మా వైపు ఉట్టి ‘మిషను’ అంటే చాలు. మిషను వచ్చాక తాతలు చేసే ఆ సగం పని ఎగిరిపోయింది. ప్రమాదాలు ఆ ఖాళీలోంచి వస్తున్నాయి.

మా ఊళ్లోకి మిషను వచ్చిన సందర్భం నాకు బాగా గుర్తు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విశాఖ దగ్గర తీరం దాటి మన కొండల మీదకి వచ్చింది. కాఫీ తోటలకు నీడ కోసం పెంచిన సిల్వర్ ఓక్ చెట్లు వేళ్లతో సహా పడిపోయాయి. వాటి మీద పాకిన మిరియాల తీగలు, కింద ఉన్న కాఫీ మొక్కలు అన్నీ నలిగిపోయాయి. సిల్వర్ ఓక్ తొందరగా పెరుగుతుంది, నిటారుగా పోతుంది. కాని దాని కొమ్మలు పెళుసు, గట్టి గాలికి విరుగుతాయి. దారులకి అడ్డంగా పడిన చెట్లను గొడ్డలితో తీయాలంటే నెలలు పట్టేది. అప్పుడు కింద నుంచి మిషన్లు వచ్చాయి. గొడ్డలికి అరపూట పట్టే మానుని అది రెండు నిమిషాల్లో తుంచేసింది. మేమంతా చుట్టూ నిలబడి చూశాం. చిన్నపిల్లలు కూడా అక్కడే, పొట్టు ఎగిరి పడుతున్నంత దగ్గరగా. అంత దగ్గర నిలబడకూడదని ఎవరికీ తెలియదు.

ఆ తర్వాత మిషన్లు కొండ దిగిపోలేదు. కొందరు కొనుక్కున్నారు, కొందరు అద్దెకు తెస్తున్నారు. సిల్వర్ ఓక్ అమ్ముకునేటప్పుడు, ఎక్కువైన నీడ తగ్గించేటప్పుడు, ఇల్లు కట్టుకునేటప్పుడు మిషను కావాలి. మిషను తిప్పేవాడికి కూలి కూడా ఎక్కువ. పదో తరగతి దగ్గర ఆగిపోయిన కుర్రాడికి అది మంచి సంపాదన. నేను దాన్ని వద్దనడం లేదు. నేనూ ఆ పని మీదే ఇల్లు నడిపాను.

మా బావ కూడా అదే పనిలో ఉండేవాడు. మంచి పనివాడు. పడగొట్టిన చెట్టుకు కొమ్మలు కోస్తున్నాడు. బారు కొన అవతల ఇంకో కొమ్మ ఉంది, ఆకుల మాటున కనపడలేదు. కొన దానికి తగలగానే మిషను ఎగిరి వెనక్కి వచ్చి ఎడమ తొడ మీద పడింది. తువ్వాళ్లు చుట్టి, డోలీ కట్టి రోడ్డు వరకు మోశాం. అక్కడి నుంచి 108 బండిలో పాడేరు, పాడేరు నుంచి విశాఖ. ప్రాణం నిలిచింది. కాని ఆ కాలు పూర్తిగా వంగదు. ఆయన కాఫీ తోట కొండ పైన ఉంది. ఇప్పుడు ఆయన అక్కడికి ఎక్కలేడు. పండు కోతకు మా అక్క ఒక్కతే వెళ్తుంది.

పట్నంలో అయితే ఆసుపత్రి పావుగంట దూరంలో ఉంటుంది. మనకి డోలీ, వాగు, ఘాటు రోడ్డు దాటితే గాని ఆసుపత్రి రాదు. అదే గాయం పట్నంలో ఒక నెల మంచం, మన దగ్గర ప్రాణగండం. కాబట్టి పట్నంవాళ్ల కంటే మనమే మిషను గురించి ఎక్కువ తెలుసుకుని ఉండాలి.

గొడ్డలికీ మిషనుకీ ఉన్న అసలు తేడా పదును కాదు, వ్యవధి. దెబ్బకీ దెబ్బకీ మధ్య గొడ్డలి ఆగుతుంది. ఆ ఆగిన క్షణంలో పనివాడు ఊపిరి తీసుకుంటాడు, చెట్టు వైపు చూస్తాడు, చిటపట వినపడితే తప్పుకుంటాడు. మిషనుకి ఆ ఖాళీ లేదు. దాని మోతలో చెట్టు చేసే చప్పుడు వినపడదు. పొగ, పొట్టు మధ్య పైకి చూడాలనిపించదు. అందుకని గొడ్డలివాడు పని మధ్యలో చూసుకునేవన్నీ మిషనువాడు తాడు లాగక ముందే చూసుకోవాలి.

ఉపాధ్యాయ మిత్రులు దీన్ని తరగతి గదిలో లెక్కతో చూపించవచ్చు. పూర్తి రేసులో ఉన్నప్పుడు మిషను చైను సెకనుకు సుమారు 20 మీటర్లు పరిగెడుతుంది. 20ని 18తో హెచ్చవేసి 5తో భాగిస్తే గంటకు 72 కిలోమీటర్లు. ఘాటు రోడ్డు మీద ఏ బస్సూ పోని వేగం అది. ఇప్పుడు ఒక స్కేలు తీసుకుని నిలువుగా పట్టుకోండి. దాని కింది చివర దగ్గర ఒక విద్యార్థిని వేళ్లు తెరిచి ఉంచమనండి. చెప్పకుండా వదిలేయండి. ఎంత చురుకైన పిల్ల అయినా స్కేలు 15, 20 సెంటీమీటర్లు జారాకే పట్టుకుంటుంది. 20 సెంటీమీటర్లు పడడానికి పట్టే కాలం సుమారు 0.2 సెకను. ఆ కాలంలో చైను 4 మీటర్లు తిరిగిపోతుంది. గది నేల మీద సుద్దముక్కతో 4 మీటర్ల గీత గీసి చూపించండి. ‘జాగ్రత్తగా ఉంటాను, ఎగిరితే పట్టుకుంటాను’ అనే మాట ఎందుకు పనికిరాదో పిల్లలకి ఆ గీతే చెబుతుంది.

ఇంక ఆ ఎగరడం సంగతి. మిషను తన్నింది అంటాం కదా, అది దెయ్యమూ కాదు, దురదృష్టమూ కాదు. చైను బారు పై అంచు మీద ముందుకు పోతుంది, కొన దగ్గర కిందికి తిరిగి, కింది అంచు మీద మన వైపు వస్తుంది. కొనలో పై సగం దేనికైనా తగిలితే పళ్లు అక్కడ ఇరుక్కుంటాయి. ముందుకు పోవలసిన బలం అంతా తిరగబడి బారుని పైకి, మన ముఖం వైపు విసురుతుంది. కాబట్టి ఆ పై సగాన్ని ఎప్పుడూ దేనికీ తగలనివ్వకూడదు. కోసేది ఒక్క కొమ్మే అయినా దాని వెనక ఏముందో చూసి కోయాలి. కొమ్మల్లో పని చేసేటప్పుడు కొన ఎక్కడుందో మనకు ఎప్పుడూ తెలిసి ఉండాలి. భుజం ఎత్తు దాటి మిషను ఎత్తకూడదు. నిచ్చెన మీద నిలబడి కోయకూడదు. మన కుర్రాళ్లు నడుముకి తాడు కట్టుకుని సిల్వర్ చెట్టు ఎక్కి కత్తితో కొమ్మలు దించుతారు. అదే ధైర్యంతో మిషను పట్టుకుని ఎక్కేవాళ్లని చూశాను. చెట్టు మీద మిషను పని వేరే విద్య, దానికి వేరే శిక్షణ, వేరే సామాను ఉంటాయి. అవి లేనివాడు పైకి కత్తితోనే ఎక్కాలి.

పట్టే తీరు కూడా ముఖ్యం. ఎడమ చెయ్యి ముందు పిడి మీద, కుడి చెయ్యి వెనక పిడి మీద. ఎడమచేతి వాటం ఉన్నవాళ్లకి కూడా ఇదే పద్ధతి, ఎందుకంటే మిషను తయారీయే అలా ఉంది. ఎడమ బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి ఉండాలి. వేళ్లన్నీ ఒకవైపే ఉంటే మిషను తన్నినప్పుడు పిడి జారిపోతుంది. శరీరం బారుకి సూటిగా వెనక ఉండకూడదు, కాస్త ఎడమ పక్కకి ఉండాలి. అప్పుడు బారు ఎగిరినా భుజం పక్క నుంచి పోతుంది. ఒంటి చేత్తో పట్టి రెండో చేత్తో కొమ్మ పట్టుకోవడం మన దగ్గర చాలామందికి అలవాటు. కొమ్మ పట్టుకున్న ఆ చెయ్యే ముందు పోతుంది.

ముందు పిడికి ఎదురుగా ఒక ప్లాస్టిక్ రేకు లాంటిది ఉంటుంది. చాలామంది అది చేతికి పొట్టు తగలకుండా పెట్టింది అనుకుంటారు. అది చైను బ్రేకు. మిషను తన్నినప్పుడు మణికట్టు దానికి తగిలి, లేదా ఎగిరిన ఊపుకి అదే కదిలి, చైనుని ఆపేస్తుంది. అడ్డంగా ఉందని దాన్ని విప్పేసిన మిషన్లు కూడా తిరుగుతున్నాయి. అలాంటి మిషను అద్దెకి ఊరికే ఇచ్చినా తీసుకోకండి. రోజూ పొద్దున్నే మిషను నేల మీద పెట్టి, రేసు ఇచ్చి, ఆ రేకుని మణికట్టుతో ముందుకి నెట్టి చూడాలి. చైను వెంటనే ఆగాలి. రేసు వదిలేసినప్పుడు కూడా చైను కదలకూడదు. కదులుతుంటే సర్దించుకున్నాకే పని.

నాకు మిషను నేర్పిన మేస్త్రి కూర్గ్ కాఫీ తోటల్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చిన మనిషి. ఆయనకు తెలుగు సరిగా రాదు, నాకు కన్నడం అసలు రాదు. అయినా పని అర్థమయ్యేది. రోజూ పొద్దున అరగంట ఆయన చైను పళ్లకి గుండ్రటి ఆకురాయి పట్టేవాడు. పన్నుకి ఎన్ని రాపిడ్లో లెక్కపెట్టి, అన్ని పళ్లకీ అన్నే పెట్టేవాడు. ‘పదును మిషను ప్రమాదం కదా’ అని నేను సైగ చేస్తే తల అడ్డంగా ఊపాడు. తర్వాత తెలిసింది. పదును ఉన్న చైను కర్రని తానే లాక్కుంటుంది, చిన్న చిన్న పెచ్చులు రాలతాయి. మొద్దుబారిన చైనుకి పిండిలాంటి పొట్టు రాలుతుంది. అప్పుడు మనిషి బరువంతా వేసి నొక్కుతాడు, అలిసిపోతాడు, కోత తెగగానే తూలి ముందుకి పడతాడు. పిండి రాలుతోందంటే పని ఆపి ఆకురాయి తీయాలి. చైను బిగువు కూడా చూడాలి. బారుకి అంటుకుని ఉండాలి, చేతి తొడుగుతో లాగితే సాఫీగా తిరగాలి. వేలాడే చైను బారు మీద నుంచి ఊడి వస్తుంది. ఇవన్నీ ఇంజను ఆపాకే చేయాలి.

పెట్రోలు విషయం కూడా పిల్లల లెక్కలకి పనికొస్తుంది. చాలా మిషన్లకి పెట్రోలులో టూటీ ఆయిల్ 50కి 1 పాలు కలపాలి. అంటే లీటరుకి 20 మిల్లీలీటర్లు, 5 లీటర్లకి 100. కొన్నిటికి వేరే కొలత ఉంటుంది, మిషనుతో ఇచ్చిన పుస్తకం చూసి కలపాలి. వేడి మీద ఉన్న మిషనులో పెట్రోలు పోయకూడదు. బీడీ, చుట్ట దగ్గరకి రాకూడదు. పోసిన చోటే స్టార్ట్ చేయకుండా కనీసం 3 మీటర్లు పక్కకి జరగాలి. స్టార్ట్ చేసేటప్పుడు బ్రేకు వేసి, మిషను నేల మీద పెట్టి, వెనక పిడిలో కుడి పాదం మోపి, ఎడమ చేత్తో ముందు పిడి నొక్కి పట్టి తాడు లాగాలి. గాలిలో వేలాడదీసి తాడు లాగడం చూడటానికి హీరోలా ఉంటుంది. అంటుకున్న క్షణంలో చైను మోకాలి దగ్గర ఊగుతూ ఉంటుంది.

బట్టల దగ్గరికి వస్తే మనలో చాలామంది లుంగీ పైకి కట్టి, మెడలో తువ్వాలు వేసుకుని, చెప్పులతో పనికి వెళ్తాం. తువ్వాలు చివర చైనుకి చిక్కితే తలని కూడా లాగుతుంది. కాలికి గట్టి బూట్లు, తలకి హెల్మెట్, కళ్లకి జాలీ లేదా అద్దాలు, చెవులకి మూతలు కావాలి. మిషను మోత 100 డెసిబెల్స్ దాటుతుంది. మూతలు లేకుండా ఏళ్లతరబడి తిప్పినవాడికి ముందు పిట్టల కూత వినపడడం తగ్గుతుంది, తర్వాత పిల్లల మాట. అదురుకి వేళ్లు చలికాలంలో తెల్లబడి తిమ్మిరెక్కుతాయి. అందుకని ఒకే మనిషి పొద్దంతా తిప్పకుండా ఇద్దరు మార్చుకోవాలి.

చైన్ సా కోసమే తయారుచేసిన ప్యాంటు ఒకటి ఉంది. దాని లోపల పొడవాటి నార పోగుల పొరలు ఉంటాయి. చైను గుడ్డని కోయగానే ఆ పోగులు బయటికి వచ్చి చైను తిరిగే చక్రానికి చుట్టుకుని మిషనుని ఆపేస్తాయి. అది మన సంతలో దొరకదు, ధర కూడా ఎక్కువే. నలుగురు కలిసి ఒకటి కొని, మిషను ఎవరు పడితే వాళ్లు తొడుక్కోవచ్చు. కూలికి పిలిచినవాళ్లని ముందే అడగవచ్చు. మిషను వాళ్లది కావచ్చు, కాలు మాత్రం మనది. దెబ్బ తగిలితే ఆసుపత్రి ఖర్చు ఎవరిది అన్న మాట కూడా పని మొదలు కాకముందు, నలుగురి ఎదుట అనుకోవాలి. తర్వాత ఆ మాట ఎవరికీ గుర్తుండదు.

ఇప్పుడు చెట్టు దగ్గరికి పోదాం. ఇక్కడ తాతల విద్య, కొత్త విద్య కలుస్తాయి. చెట్టు చుట్టూ తిరగాలి. ఎటు ఒరిగింది, కొమ్మల బరువు ఎటు ఉంది, గాలి ఎటు, పైన ఎండుకొమ్మ వేలాడుతోందా, కరెంటు తీగ ఉందా చూడాలి. తీగ దగ్గరుంటే లైన్‌మాన్ వచ్చేదాకా ముట్టుకోకూడదు. చెట్టు ఎత్తు తెలుసుకోవడానికి ఒక ఉపాయం ఉంది. చెయ్యి చాచినప్పుడు కంటి నుంచి పిడికిలి వరకు ఎంత దూరమో, పిడికిలి పైన అంత పొడవు నిలిచేలా కర్ర నిటారుగా పట్టుకోవాలి. కర్ర కొన చెట్టు కొనకీ, పిడికిలి చెట్టు మొదటికీ సరిపోయేదాకా వెనక్కి నడవాలి. ఆగిన చోటు నుంచి చెట్టు వరకు ఎంత దూరమో చెట్టు సుమారు అంత ఎత్తు. ఆ ఎత్తుకి రెండింతల దూరంలో వేరే మనిషి ఉండకూడదు. 20 మీటర్ల చెట్టుకి 40 మీటర్లు. కట్టెలేరుకోవడానికి వచ్చిన ఆడవాళ్లు, వాళ్ల వెంట వచ్చిన పిల్లలు, కింద కాఫీ పండు కోస్తున్నవాళ్లు, అందరూ ఆ హద్దు బయటే. కొండవాలు మీద ఇంకో మాట. పడిన మాను దొర్లుతుంది. కోసేవాడు ఎప్పుడూ పైవైపు నిలబడాలి, వాలుకి కింద ఎవరూ ఉండకూడదు.

తప్పుకునే దారి చెట్టు పడే వైపుకి సూటిగా వెనక ఉండకూడదు. చెట్టు పడేటప్పుడు మొదలు ఒక్కోసారి వెనక్కి తన్నుతుంది. కాబట్టి వెనక్కి ఏటవాలుగా, కుడికి ఒకటి, ఎడమకి ఒకటి దారులు నరికి పెట్టుకోవాలి.

కోతలు మూడు. చెట్టు పడవలసిన వైపు ముందు గాటు, పై నుంచి ఒక కోత, కింద నుంచి ఒక కోత, మధ్య ముక్క ఊడి రావాలి. దాని లోతు మాను అడ్డుకొలతలో ఐదో వంతు నుంచి నాలుగో వంతు. 40 సెంటీమీటర్ల మానుకి 8 నుంచి 10. తర్వాత వెనక కోత, ముందు గాటు మూల కంటే కొంచెం ఎత్తులో. ఈ వెనక కోతని చివరిదాకా తెచ్చేయకూడదు. మధ్యలో అడ్డుకొలతలో పదో వంతు, అంటే 40 సెంటీమీటర్లకి 4, కర్ర వదలాలి. ఆ వదిలిన కర్ర తలుపుకి బందు లాంటిది. బందు ఉన్నంతసేపు చెట్టు మనం చెప్పిన వైపే తిరుగుతుంది. బందు తెంచేసినవాడికి చెట్టు ఎటు పోతుందో చెట్టుకే తెలియాలి. బారు ఇరుక్కోకుండా వెనక కోతలో ఏటవాలుగా చెక్కిన చెక్క ముక్క దిగ్గొట్టాలి. ఇనప ముక్క వద్దు, చైను తగిలితే పళ్లు పోతాయి. చెట్టు కదలడం మొదలవగానే మిషను ఆపి దారి వెంట పక్కకి పోవాలి, కళ్లు పైనే ఉంచాలి. విరిగిన కొమ్మలు చెట్టు పడ్డాక కూడా కాసేపు రాలుతూనే ఉంటాయి.

అన్నిటికంటే ఎక్కువ భయపడవలసింది సగం పడి పక్క చెట్టుకి చిక్కుకున్న చెట్టుకి. దాని కిందకి పోకూడదు. దాని మీదకి ఎక్కకూడదు. అది ఆనుకున్న చెట్టుని కోయకూడదు. ఇంకో చెట్టుని దాని మీద పడేసి దించాలని చూడకూడదు. దూరం నుంచి తాడు వేసి లాగడం కుదిరితే సరే, కుదరకపోతే చుట్టూ గుర్తులు కట్టి, ఎవరూ రాకుండా చూసి, తెలిసినవాళ్లని పిలవాలి. ఒక పూట కూలి పోతుంది, అంతే.

గాలివానకి పడిన చెట్లు నిలబడిన చెట్ల కంటే మోసం చేస్తాయి. వంచిన విల్లు ఎలాంటిదో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. పడిన మాను కూడా లోపల అలాగే బిగిసి ఉంటుంది. రెండు చివర్లూ ఆనుకుని మధ్య ఖాళీగా ఉంటే దాని పై భాగం నొక్కుకుని, కింది భాగం సాగి ఉంటుంది. ముందు పై నుంచి కొంచెం, తర్వాత కింద నుంచి కోయాలి. ఒక చివరే ఆనుకుని రెండోది గాలిలో ఉంటే లెక్క తిరగబడుతుంది. ముందు కింద నుంచి కొంచెం, తర్వాత పై నుంచి. నొక్కుకున్న వైపు ముందు, సాగిన వైపు తర్వాత, ఇది గుర్తుంటే చాలు. పక్కకి వంగిన మాను అయితే వంపు లోపలి వైపు నిలబడాలి, ఉబ్బిన వైపు నిలబడితే తెగగానే అటే కొడుతుంది. వేళ్లతో లేచిన చెట్టుని మొదలు దగ్గర కోస్తే వేళ్ల దిమ్మ మళ్లీ గుంటలోకి పడిపోవచ్చు. ఆ గుంటలో పిల్లలు దాగుడుమూతలు ఆడడం నేను చూశాను. కోత మొదలుపెట్టే ముందు గుంటలోకి తొంగి చూడడం తప్పనిసరి.

పండగ రోజున, కల్లు తాగిన రోజున, జ్వరంతో లేచిన రోజున మిషను ముట్టకూడదు. జీలుగు కల్లు మన పండగల్లో ఉంటుంది, ఉండనీ. ఆ రోజు మిషను ఇంట్లో ఉండాలి. 18 ఏళ్లు నిండనివాళ్ల చేతికి ఇవ్వకూడదు. ఆశ్రమ పాఠశాలల పిల్లలు వేసవి సెలవుల్లో ఇంటికి వచ్చినప్పుడు అన్నలతో పనికి పోతారు. సెలవులు ఇచ్చే రోజున ఉపాధ్యాయులు ఈ ఒక్క మాట చెప్పి పంపితే మేలు.

అన్నీ చూసుకున్నా దెబ్బ తగిలితే ఏం చేయాలో కూడా తెలిసి ఉండాలి. మన ఇళ్లలో గాయం మీద పసుపు, కాఫీ పొడి, సున్నం, ఆకు పసరు పెడతారు. మిషను గాయానికి ఇవేవీ వద్దు. శుభ్రమైన గుడ్డ మడత పెట్టి గాయం మీద రెండు చేతులతో గట్టిగా నొక్కి పట్టాలి. తడిస్తే తీయకుండా దాని మీదే ఇంకోటి వేసి నొక్కాలి. కాలికో చేతికో తగిలి, నొక్కినా రక్తం ఆగకుండా చిమ్ముతుంటే గాయానికి నాలుగు వేళ్లు పైన, కీలు మీద కాకుండా, వెడల్పు గుడ్డ కట్టి, పుల్ల దూర్చి మెలితిప్పి బిగించాలి. బిగించిన టైము రాసి పెట్టాలి. ఆసుపత్రిలో డాక్టరే విప్పాలి. వేలు తెగి పడితే శుభ్రమైన గుడ్డలో చుట్టి, ప్లాస్టిక్ సంచిలో పెట్టి, ఆ సంచిని ఐసు మీద ఉంచి తీసుకుపోవాలి, ఐసు నేరుగా తగలకూడదు. ఒక మనిషి ముందే 108కి ఫోన్ చేయాలి. సిగ్నల్ ఏ గట్టు మీద దొరుకుతుందో పనికి వెళ్లేటప్పుడే చూసి పెట్టుకోవాలి. పనికి ఒంటరిగా వెళ్లకూడదని చెప్పడానికి ఇంతకంటే కారణం అక్కర్లేదు.

మా ఊళ్లో మిషను తిప్పేవాళ్లం ఇప్పుడు ఐదుగురం. కూర్చుని మాట్లాడుకుని కొన్ని కట్టుబాట్లు పెట్టుకున్నాం. ఎవరూ ఒంటరిగా వెళ్లరు. మిషనుతో పాటు శుభ్రమైన గుడ్డల సంచి వెళ్తుంది. బ్రేకు లేని మిషను ఊళ్లోకి రాదు. మా అందరి మెడల్లో ఒక ఈల ఉంటుంది, స్కూల్లో ఆటల మాస్టారి ఈల లాంటిదే. ఒక ఈల వినపడితే చెట్టు పడబోతోందని, అందరూ ఉన్నచోటే ఆగాలని. రెండు ఈలలు వినపడితే చెట్టు పడిపోయింది, రావచ్చని. ఆగకుండా ఈల మోగుతుంటే ఎవరికో దెబ్బ తగిలిందని, పెద్దలు డోలీ కర్ర తీసుకుని రావాలని. ఊళ్లో ఐదేళ్ల పిల్ల కూడా ఈ మూడూ చెబుతుంది. మూడో ఈల ఇప్పటివరకు మోగలేదు.